అల్లం మంట ఆపమంటే ఆగదు

ప్రశ్న: నాకు 37 ఏళ్లు, మా ఆవిడకు 34. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఒక పాప. హైదరాబాద్‌లో మా అమ్మానాన్నలతో కలిసే ఉంటాం. పడగ్గదిలో మా ఇద్దరి మధ్యా ఏ లోటూ లేదనే అనుకుంటూ వచ్చాను. ఈమధ్య ఒక రాత్రి మా ఆవిడ ఒక మాట అడిగింది. ఒలిచిన అల్లం ముక్కను వెనకవైపు పెట్టుకుంటే వచ్చే చురుకును కొందరు దంపతులు సరసంలో భాగంగా వాడతారని ఎక్కడో చదివిందట. ఒకసారి నాకూ పెట్టి చూద్దామా అంది. నవ్వేసి మాట మార్చాను. కానీ అది బుర్రలోంచి పోలేదు. రెండు రోజులాగి, తనకు చెప్పకుండా, ఫ్రిజ్‌లో ఉన్న అల్లం వెల్లుల్లి పేస్టు కొంచెం నా మీదే రాసుకుని చూశాను. ప్రాణం పోయినంత పనైంది. నీళ్లు పోసినకొద్దీ మంట పక్కలకు పాకింది. చర్మం కమిలి రెండు రోజులు సరిగ్గా కూర్చోలేకపోయాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా అనుమానాలు ఇవి. ఇది ప్రమాదమా? ఇలాంటివి కోరుకోవడం ఏదైనా జబ్బా, లేక లోపం నాలో ఉందా? మా ఆవిడకు ఏమని జవాబు చెప్పాలి? – పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: ముందు మీ ఒళ్లు సంగతి చూద్దాం, మీ ఆవిడ అడిగిన మాట సంగతి తర్వాత.

ఆమె అడిగింది అల్లం. మీరు రాసుకున్నది అల్లం వెల్లుల్లి పేస్టు. వంటకు రెండూ ఒకటే కావచ్చు, చర్మానికి కాదు. వెల్లుల్లి రెబ్బను దంచినప్పుడు అల్లిసిన్ అనే పదార్థం పుడుతుంది, ఆ ఘాటు దానిదే. మోకాలి నొప్పికనో పంటి నొప్పికనో వెల్లుల్లి నూరి కట్టుకుని, బొబ్బలతో ఆస్పత్రికి వచ్చినవాళ్ల గురించి వైద్య పత్రికల్లో చాలా నివేదికలున్నాయి. అది మంటగా అనిపించడం కాదు, చర్మం నిజంగా కాలడమే. పైగా కొనుక్కొచ్చిన పేస్టులో ఉప్పు ఉంటుంది, పులుపు ఉంటుంది, పాడవకుండా కలిపినవి ఉంటాయి. మటన్ ముక్క మెత్తబడటానికి పట్టించేదాన్ని మీరు మీకే పట్టించుకున్నారు. ఎరుపు తగ్గి చర్మం మామూలుగా ఉంటే ఇక భయం లేదు. పుండు మిగిలినా, రసి కారుతున్నా, ముట్టుకుంటే ఇంకా మండుతున్నా సిగ్గుపడకుండా చర్మవైద్యులకు చూపించండి.

నీళ్లు పోస్తే ఎందుకు పెరిగిందంటే, అల్లంలో మండించే పదార్థాలు నూనెలో కరుగుతాయి తప్ప నీళ్లలో సరిగ్గా కరగవు. నీళ్లు వాటిని కడిగేయవు, పక్కకు తీసుకెళ్లి ఇంకొంచెం చోట పరుస్తాయి. పచ్చిమిర్చి కోసిన చెయ్యి ఎన్నిసార్లు కడిగినా, రాత్రి కంట్లో పెట్టుకుంటే తెలుస్తుంది కదా, అదే సంగతి. కొబ్బరి నూనెలో ముంచిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆ నూనెను తేలికపాటి సబ్బుతో కడిగేసి, తర్వాత చల్లటి తడిగుడ్డ వేసుకోవాల్సింది. ఇది గుర్తుంచుకోండి, ముందు ముందు ఏం నిర్ణయించుకున్నా పనికొస్తుంది.

ఇక జబ్బా అన్న ప్రశ్న. కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా పదకొండో కూర్పు 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. పరస్పర ఇష్టంతో చేసుకునే ఇలాంటి సరసాలకు సంబంధించి పాత జాబితాలో ఉన్న జబ్బు పేర్లను అందులోంచి తీసేశారు. అమెరికా మానసిక వైద్యులు 2013లో తెచ్చిన సొంత జాబితా కూడా మామూలుకు భిన్నమైన కోరిక ఉన్నంత మాత్రాన అది రుగ్మత కాదంటుంది. ఆ కోరిక వల్ల మనిషి తీవ్రంగా బాధపడుతుంటేనో, బతుకు సాగకపోతేనో, ఇష్టంలేని మనిషి మీద దాన్ని రుద్దితేనో అప్పుడు ఆలోచించాలి. మీ ఆవిడ మీ మీద ఏమీ రుద్దలేదు. చూద్దామా అని అడిగింది. అదీ తన ఒంటి మీద.

లోపం మీలో ఉందా అన్నది మగవాళ్ల ఉత్తరాల్లో మామూలుగా వచ్చే మాటే. భార్య కొత్త వంటకం చేద్దామంటే ఇన్నాళ్లూ పెట్టిన అన్నం బాగాలేదనుకుంటారా? ఆమె తొమ్మిదేళ్ల తర్వాత కూడా మీతో ఒక కొత్త సంగతి చేయాలనుకుంటోంది, అదీ మీ ముఖం చూసి నోరు తెరిచి అడిగింది. ఆ మాట అడగడానికి ఆమె ఎన్నాళ్లు తటపటాయించి ఉంటుందో ఒకసారి ఆలోచించండి. మీరు నవ్వేసి మాట మార్చారు. నన్నడిగితే మొత్తం ఉత్తరంలో తప్పన్నది ఉంటే అదొక్కటే.

నొప్పీ చురుకూ కలిసిన సరసం పడమటి దేశాల పైత్యమని కొట్టిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మన కామసూత్రాల్లో గోళ్ల గుర్తులకు ఒక అధ్యాయం, పంటి గాట్లకు ఒకటి, చేత్తో కొట్టడానికీ అప్పుడు వచ్చే సీత్కారాలకూ మరొకటి ఉన్నాయి. అయితే ఆ కొట్టే అధ్యాయంలోనే వాత్స్యాయనుడు హద్దు మీరితే ఏమవుతుందో పేర్లు పెట్టి మరీ చెప్పాడు. చోళరాజు చిత్రసేన అనే గణికను అలాంటి దెబ్బతోనే చంపాడంటాడు. కుంతల శాతకర్ణి, మన శాతవాహనుల రాజు, కర్తరి అనే దెబ్బతో మహాదేవి మలయవతి ప్రాణం తీశాడంటాడు. ఇంకొకడు ఒక నటి కన్ను పోగొట్టాడంటాడు. అది చెప్పి, దౌడు తీస్తున్న గుర్రానికి దారిలో మొద్దూ గుంటా కనిపించనట్టే మోహావేశంలో ఉన్నవాళ్లకు ప్రమాదం కనిపించదని హెచ్చరిస్తాడు. రాజులు నిజంగా అలా చేశారో లేదో చరిత్రకారులు తేల్చుకుంటారు. మనకు పనికొచ్చేది ఏమిటంటే, ఆవేశం ఎక్కాక ఆలోచన పనిచేయదు కాబట్టి ఆలోచన ముందే అయిపోవాలి.

గుర్రం ప్రస్తావన ఎలాగూ వచ్చింది కాబట్టి చెబుతాను. మీ ఆవిడ చదివిన ఈ పద్ధతికి మూలం పడగ్గది కాదు, ఇంగ్లండ్‌లో గుర్రాల బేరం. ముసలి గుర్రమో, నీరసంగా ఉన్న గుర్రమో అమ్ముడుపోవాలంటే హుషారుగా కనిపించాలి, తోక పైకెత్తి నడవాలి. అందుకని బేరగాళ్లు సంతకు ముందు దాని వెనక అల్లం ముక్క పెట్టేవారు. 1785లో లండన్‌లో ఫ్రాన్సిస్ గ్రోస్ అచ్చువేసిన జనం యాస నిఘంటువులో ఈ పనికి ఒక మాట కూడా ఉంది. అంతకుముందు పాములా ఉండే ఈల్ చేపను బతికుండగానే పెట్టేవారని కూడా అందులో రాశాడు! ఈ మోసం పూర్తిగా పోలేదు. అమెరికాలో అరేబియా జాతి గుర్రాల ప్రదర్శనల్లో తోక ఎత్తి నిలబడటం అందమని చూస్తారు. అందుకోసం కొందరు అల్లం పూస్తుంటే, నిర్వాహకులు దాన్ని నిషేధించారు. నోరులేని జంతువు మీద మొదలైన పనిని మనుషులు ఇష్టంగా చేసుకునే ఆటగా మార్చుకున్నారు. ఆ గుర్రానికీ మీ ఆవిడకూ తేడా అల్లా ఆమె సరే అనగలదు, వద్దు అనగలదు, మధ్యలో చాలు అనగలదు.

అయితే ఆ చాలు అన్న మాట దగ్గరే అల్లంతో చిక్కు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

చేత్తో ఒక దెబ్బ వేశారనుకోండి. ఆపమంటే రెండో దెబ్బ పడదు. కళ్లకు గంతలు కట్టారనుకోండి. వద్దంటే తీసేయొచ్చు. మంచుముక్క పెట్టారనుకోండి. అక్కర్లేదంటే తీసి తువ్వాలుతో తుడిస్తే అరనిమిషంలో ఒళ్లు మామూలవుతుంది. అల్లం అలా కాదు. పెట్టగానే ఏమీ ఉండదు, చల్లగా తడిగా ఉంటుంది. ఒకటి రెండు నిమిషాల్లో వెచ్చదనం మొదలవుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే చాలామంది తొందరపడి ఇంకో ముక్క పెడతారు. ఆ తర్వాత మంట మెట్లెక్కినట్టు ఎక్కుతుంది. అప్పుడు ఆపమని తీసేసినా రసం అప్పటికే ఒంటికి పట్టేసి ఉంటుంది కాబట్టి మంట ఇంకా కొంతసేపు ఎక్కి, ఆ తర్వాతే దిగుతుంది. చాలామందికి అరగంటలోపు సద్దుమణుగుతుంది. ఆ అరగంట సరదాగా గడవాలో, నరకంలా గడవాలో ముందు మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఆ మంట ఎలా పుడుతుందో తెలిస్తే భయం సగం పోతుంది, జాగ్రత్త రెట్టింపవుతుంది. పచ్చి అల్లంలో జింజరాల్ అనే పదార్థం ఉంటుంది. మన నరాల కొసల్లో వేడిని పసిగట్టే ఒక ద్వారం లాంటిది ఉంది, శాస్త్రవేత్తలు దాన్ని టీఆర్‌పీవీ1 అంటారు. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే అది తెరుచుకుని, కాలుతోంది అని మెదడుకు కబురు పంపుతుంది. మిరపకాయ కారం దాన్ని వేడి లేకుండానే తెరుస్తుంది, అల్లమూ అంతే. ఈ ద్వారాన్ని 1997లో కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే అల్లం ముక్క పెట్టినప్పుడు చర్మం నిజంగా ఉడకదు, ఉడుకుతోందన్న కబురు మాత్రం నిజంగానే వెళ్తుంది. అలాగని ఎంతసేపైనా పెట్టుకోవచ్చని కాదు. ఎక్కువసేపు ఉంటే ఆ చోటు వాచి ఎర్రబడుతుంది, కొందరికి అల్లం పడక దద్దుర్లు లేస్తాయి. అరచేతికి మందమైన తోలు ఉంటుంది కాబట్టి అల్లం ఒలిచినా తెలియదు. మలద్వారం అంచునా, జననాంగాల మీదా పొర చాలా పలచన, నరాలు చాలా ఎక్కువ. అందుకే అక్కడ అంత చురుకు.

శొంఠి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో అల్లం లేకపోయినా శొంఠి ఉంటుంది. అల్లం ఎండినప్పుడు జింజరాల్‌లో కొంత షోగాల్‌గా మారుతుంది, అది ఇంకా ఘాటు. తలనొప్పికి శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకున్నవాళ్లకు తెలుసు, కాసేపు ఎక్కువ ఉంచితే నుదుటి తోలు ఊడివస్తుంది. నుదురే అలా అయితే మిగతాది ఊహించుకోండి. పైగా పొడి మడతల్లో ఇరుక్కుంటే తీయడం ఎవరి తరమూ కాదు. కాబట్టి శొంఠి పొడి వద్దు. మిరప, ఆవపిండి, వెల్లుల్లి, తలనొప్పి బామ్‌లు, టూత్‌పేస్టు వీటిలో ఏదీ వద్దు. ఇంట్లో ఘాటుగా ఉన్నవన్నీ ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించాలన్న ఉత్సాహం కొందరికి పుడుతుంది, అందుకే చెబుతున్నాను.

ఇప్పుడు మీరు మీ ఆవిడతో మాట్లాడాలి. పాప నిద్రపోయాక, కానీ మంచం మీద కాదు. డాబా మీదో, కారులోనో, ఇద్దరికీ ఒంటి మీద బట్టలున్నప్పుడు. ముందుగా పేస్టు సంగతి చెప్పేయండి. తేలు కుట్టిన దొంగలా ఎన్నాళ్లుంటారు? ఆమె నవ్వుతుంది, నవ్వనివ్వండి. ఆ నవ్వుతో మీరు ఆమె మాటను పట్టించుకున్నారన్నది ఆమెకు తెలుస్తుంది. ఆ తర్వాత, "నీకు అందులో నచ్చింది ఏంటి?" అని అడగండి. ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా అల్లం కొనకండి. కొందరికి ఆ వేడి కావాలి. కొందరికి వేడి ముఖ్యం కాదు, ఏం జరుగుతుందో తెలియకుండా భర్త చేతుల్లో ఉండటం కావాలి. ఇంకొందరికి ఒక తప్పు పని కలిసి చేస్తున్నామన్న సరదా చాలు. వేడే కావాలంటే గోరువెచ్చటి నూనె మర్దనతో తీరిపోవచ్చు. చేతుల్లో ఉండటమే కావాలంటే కళ్లకు ఒక చున్నీ కడితే చాలు. చాలాసార్లు అల్లం దాకా వెళ్లే అవసరమే రాదు. వెళ్లినా తప్పులేదు.

మీకు ఇష్టం లేకపోతే అదీ చెప్పండి. భార్య అడిగింది కదా అని మొగుడు పళ్లబిగువున ఒప్పుకోవడం కూడా ఒప్పుకోలు కాదు. "నాకు అది చేయడం భయంగా ఉంది, మంచుముక్కతో మొదలెడదామా?" అంటే ఎవరి పరువూ పోదు. రేపు ఎప్పుడైనా ఇది మీరు ఆమెను అడగాల్సి వచ్చి, ఆమె వద్దంటే, ఆ వద్దు కూడా అక్కడితో అయిపోవాలి. బతిమాలడం, అలగడం, "నువ్వే కదా మొదట అడిగావు" అనడం ఉండకూడదు. పెళ్లి కాగితం ఉంది కదా అని ఏదీ సరే అయిపోదు. 2005 నాటి గృహహింస చట్టంలో భార్య మీద లైంగిక హింస కూడా హింసే.

ఒక ఆపు మాట పెట్టుకోండి. సరసంలో "అబ్బా, వద్దు" అన్నది నిజంగా వద్దో, మురిపెమో తెలియదు కాబట్టి, ఆ సందర్భంలో ఎవరూ అనని మాట కావాలి. కరివేపాకు అనుకోండి, విన్నారంటే తీసి పారేయాలని ఇట్టే గుర్తుంటుంది. దానికి ముందు ఇంకో మెట్టు కూడా ఉంచుకోండి, ట్రాఫిక్ దీపాల్లో పసుపు రంగులా. మామూలు ఆటల్లో పసుపు అంటే నెమ్మదించు అని. అల్లంతో మాత్రం పసుపు అనగానే ముక్క తీసేయాలి. ఎందుకంటే అసలు మంట ఇంకా రావాల్సి ఉంది. ఎరుపు దాకా ఆగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

చేద్దామనుకుంటే మొదటి రోజు ముంజేతి లోపలివైపు చిన్న ముక్క ఐదు నిమిషాలు పెట్టి తీసేసి, ఒక రోజు ఆగి చూడండి. దద్దురు లేచినా, దురద పుట్టినా అల్లం అధ్యాయం అక్కడితో మూసేయండి. ఏమీ కాకపోతే ఇంకో రోజు నడుం మీదో, పిరుదు మీదో, తొడ మీదో పెట్టి చూడండి. అక్కడ వెచ్చదనం నెమ్మదిగా, హాయిగా వస్తుంది. కొంతమంది దంపతులకు ఇదే నచ్చి ఇక్కడే ఆగిపోతారు.

అసలు చోటు విషయానికి వస్తే, లోపలికి పెట్టాల్సిన అవసరమే లేదన్నది నా అభిప్రాయం. మలద్వారంలో చర్మంలాగా చురుకు తెలిసే భాగం అంచు నుంచి సుమారు 2 సెంటీమీటర్ల వరకే. అది దాటితే పేగు పొర. అక్కడ గీసుకున్నా, తెగినా వెంటనే తెలియదు. అంటే లోతుకు పోయినకొద్దీ సుఖం పెరగదు, ప్రమాదమే పెరుగుతుంది. వేలెడు పొడవు, చిటికెన వేలంత మందం ఉన్న ఒలిచిన ముక్కను పిరుదుల మధ్య, అంచుకు తగిలేలా ఉంచితే చాలు, ఆ చురుకు అక్కడే వస్తుంది. బిగిస్తే రసం ఊరి మంట ఎక్కుతుంది, ఒదిలితే తగ్గుతుంది. అంటే పగ్గాలు కొంతవరకు ఆమె దగ్గరే ఉంటాయి. మొదటిసారి గడియారం చూసుకుని రెండు మూడు నిమిషాలకే తీసేసి, మంట ఎక్కడిదాకా ఎక్కుతుందో ఇద్దరూ చూడండి. తక్కువైందనిపిస్తే ఇంకో రోజుంది.

లోపలికే పెడతాం అనేవాళ్లు ఎలాగూ ఉంటారు కాబట్టి వాళ్ల కోసం. అల్లం పీచు పదార్థం, వంచితే విరుగుతుంది. విరిగిన ముక్క లోపల ఉండిపోతే వేళ్లతో అందదు. కాబట్టి కణుపులు లేని ముదురు దుంప, ఒకే ముక్క, గరుకు అంచులు లేకుండా గుండ్రంగా చెక్కి, బయట ఉండే వైపు మాత్రం లోపలికి జారిపోనంత వెడల్పుగా వదిలేయాలి. బలవంతంగా తోయకూడదు. నూనెలూ జెల్లూ పూస్తే జారుడు పెరిగి పట్టు తప్పుతుంది, ఘాటూ మారిపోతుంది. అల్లం తడే సరిపోతుంది. సరిపోకపోతే ఆ ముక్క లావైందన్నమాట.

దుంప తొక్క మందంగా తీయండి. అది మట్టిలో పెరిగింది, పురుగుమందులూ తగిలి ఉంటాయి. తొక్క మెరవాలని యాసిడ్‌తో కడిగిన అల్లం మన దేశంలో మార్కెట్లలో పట్టుబడిన సందర్భాలూ ఉన్నాయి. ఒలిచాక చల్లటి నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో అద్దండి. ఈ అద్దడం చిన్న పనిలా ఉంటుంది గానీ ఆడవాళ్ల విషయంలో చాలా ముఖ్యం. రసం కారితే కిందికి, అంటే ముందువైపుకి జారుతుంది. మీ ఆవిడను పక్కకు తిరిగి పడుకోమనండి. యోనిలోకీ, మూత్రం వచ్చే చోటికీ అల్లం పోకూడదు. అక్కడి పొర ఇంకా సున్నితం, తర్వాత ఇన్‌ఫెక్షన్ పట్టుకునే అవకాశం ఎక్కువ. వెనక తగిలిన ముక్కగానీ, వేలుగానీ ముందుకు రావడం అసలే కూడదు. మీ చేతులు కూడా నూనెతో తుడిచి సబ్బుతో కడుక్కునే దాకా ఎవరి కళ్లనూ, మీ అంగాన్నీ ముట్టుకోకండి. ఆ రాత్రి సంభోగం వాయిదా వేసుకుంటేనే మేలు. ఎర్రబడిన పొర త్వరగా చిట్లుతుంది, సుఖవ్యాధులు సోకడానికి అదే దారి. కండోమ్ వాడేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి, మంట తగ్గడానికి రాసిన కొబ్బరి నూనె తగిలితే లేటెక్స్ కండోమ్ బలం పోయి చిరిగిపోతుంది.

మందు తాగి చేయకండి. మొదటిసారే చేతులు కట్టేయకండి. ముక్క పెట్టి మీరు గది దాటి వెళ్లకండి, ఫోన్ మోగినా సరే. అయిపోయాక చల్లటి తడిగుడ్డ, మంచినీళ్లు, పక్కన కాసేపు మీరు. వాడిన ముక్కను కాగితంలో చుట్టి చెత్తలో వేయండి. మీ అమ్మగారు ఉదయాన్నే టీలోకి అల్లం వెతుక్కుంటారు, ఆ గిన్నె దరిదాపుల్లోకి అది చేరకూడదు.

కొంతమంది అసలు దీని జోలికి పోకూడదు. మొలలు, చీలికలు, పుండ్లు ఉన్నవాళ్లు, పేగు పూత జబ్బులున్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్యే కాన్పయి కుట్లు పడినవాళ్లు, అక్కడ ఆపరేషన్ అయినవాళ్లు. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లూ అంతే. చాలా ఏళ్లుగా షుగర్ ఉండి కాళ్లు మొద్దుబారుతున్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒంటికి మంట తెలియకపోతే ఎప్పుడు ఆపాలో కూడా తెలియదు. మీరు కూడా, కమిలిన చర్మం పూర్తిగా మానే దాకా ఏమీ చేయకండి.

మంట కొన్ని గంటలైనా తగ్గకపోతే, బొబ్బలు వస్తే, రక్తం ఆగకుండా కారితే, జ్వరంగానీ కడుపునొప్పిగానీ వస్తే ఆస్పత్రికి వెళ్లాలి. ముక్క లోపల ఉండిపోతే గరిటెలతో, పట్టకార్లతో కెలకకండి, విరేచనాల మందు వేసుకోకండి, ఎనిమా ఇచ్చుకోకండి. పెద్ద ఆస్పత్రి అత్యవసర విభాగానికి వెళ్లి, సర్జన్‌తో ఏం పెట్టారో, ఎంత పొడవో, ఎప్పుడు పెట్టారో సూటిగా చెప్పండి. స్నానాల గదిలో జారిపడ్డాననే కథ చెబితే వాళ్లు ఎముకలకు ఎక్స్‌రే తీస్తూ కూర్చుంటారు, మీకు సమయం పోతుంది. అల్లం ఎక్స్‌రేలో సరిగ్గా కనిపించదు కూడా. డాక్టరు మీ గుట్టు బయటపెట్టకూడదు, అది వాళ్ల వృత్తి నియమం. మీ అమ్మానాన్నలు వెంట వచ్చి ఉంటే, వాళ్లను బయట కూర్చోబెట్టమని నర్సును అడగండి. అది అడిగే హక్కు మీకుంది, వాళ్లకు అది కొత్తా కాదు.